రోబోకు కడచీల: పందెపు యంత్రముపై రేడియోను బిగించు విధము



రేడియో యనగానే మనకు అలమరపై గూర్చుండి పాటలు పాడు పెట్టె జ్ఞప్తికి వచ్చును. మేమిప్పుడు చెప్పబోవు రేడియో పాడదు, మాటలాడదు. అఱచేతిలో నిముడునంతటి చిన్న పెట్టె. ఒక పెద్ద యంత్రముపై నుండి, దూరమున నిలిచిన పిల్లల యాజ్ఞలను గాలిలోనుండి యందుకొని, ఆ యంత్రమునకు వినిపించుటయే దాని పని. ఆ యంత్రము పేరు రోబో. బడిపిల్లలు ఇట్టి రోబోలను తమ చేతులతో కట్టి పందెములలో దింపుదురు. అందు ఆ చిన్న పెట్టె ఊడిపోకుండ బిగించుట యెట్లో, సరిగా బిగింపకున్న నేమగునో మేము కన్నులార చూచి, పిల్లలయొద్దనే నేర్చుకొంటిమి. మన యిండ్లలోను ఇట్టి పనులకు పూనుకొను ఆడుబిడ్డలు నానాటికి హెచ్చుచున్నారు. వారి తల్లులకు ఉపయోగపడగలదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఈ పందెము పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలెను. అమెరికా దేశమున డీన్ కేమెన్ అను యంత్రనిర్మాత 1989 లో ‘ఫస్ట్’ అను సంస్థను స్థాపించెను. 1992 లో న్యూహాంప్‌షైరు రాష్ట్రమందలి మాంచెస్టరు పట్టణమున, ఒక ఉన్నతపాఠశాల వ్యాయామశాలలో, 28 జట్లతో మొదటి రోబో పందెము జరిగెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయపు ఆచార్యుడు వుడీ ఫ్లవర్సు దీనిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు. ఆయన 2019 లో గతించెను. నేడు ఈ పందెములలో పలు దేశముల పిల్లలు పాల్గొనుచున్నారు. ఏటేట జనవరిలో ఒక క్రొత్త ఆటను ప్రకటింతురు. పిల్లలు కొన్ని వారములలో దానికి తగిన యంత్రమును కట్టవలెను.

మా చెల్లెలు టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగర సమీపమున కాపురమున్నది. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు పెక్కు కలవు. చెల్లెలి కుమార్తె, పదునాఱేండ్ల పిల్ల, తన బడి జట్టులో విద్యుత్తు తీగల పని చూచుచుండెడిది. 2024 మార్చి నెలలో మేము వారి యింట నుండగా, ఆ జట్టు పందెమునకు పోవుచు మమ్ములను గూడ వెంట గొనిపోయిరి.

ఆటస్థలము సుమారు 54 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు. ఎఱ్ఱ పక్షమున మూడు రోబోలు, నీలి పక్షమున మూడు. నారింజరంగు మెత్తని వలయములను నేలనుండి యేరుకొని, ఎత్తుననున్న గూటిలోనికి విసరుట ఆ యేటి ఆట. తుదిని గొలుసును పట్టుకొని వ్రేలాడిన మఱికొన్ని గుణములు లభించును. ఆ యేట పందెమంతయు 2 నిమిషముల 30 సెకనులు. అందు మొదటి 15 సెకనులు యంత్రము ముందు నేర్పినట్లు తనంత తానే నడచును. మిగిలిన కాలమున పిల్లలు పారదర్శకమైన గోడ వెనుక నిలిచి దానిని నడుపుదురు. ఆ యేటి నియమము ననుసరించి బాటరీయు, చుట్టును కట్టు దిండ్లును గాక రోబో బరువు 125 పౌనులు, అనగా సుమారు 57 కిలోలు మించరాదు. ఇట్టి యాఱు యంత్రములు ఒండొంటిని తాకుచు పరుగులిడుచుండ చూచుటకు కోడెదూడల కుమ్ములాటవలె నుండెను.

మా పిల్లల మూడవ పందెమున ఆ యాపద జరిగినది. యంత్రము తనంత తాను నడచు ఘట్టము చక్కగా ముగిసెను. పిల్లలు నడపనారంభించిరి. నలువది సెకనులు గడచునో లేదో, ఎదిరిపక్షపు రోబో యొకటి వేగమున వచ్చి మావారి యంత్రమును ప్రక్కనుండి తాకెను. దిండ్లు దెబ్బను కాచినవి. ఒక్క మేకైనను వంగలేదు. కాని యంత్రము రాతిబొమ్మవలె నిలిచిపోయినది. గోడ వెనుక పిల్లలు మీటలను ఎంత త్రిప్పినను కదలలేదు. తక్కిన యైదు యంత్రములును దాని చుట్టు తిరుగుచు ఆట ముగించినవి. వారాల తరబడి రాత్రులు మేల్కొని కట్టిన యంత్రము నడిమైదానమున దిక్కులేనిదానివలె నిలిచియుండుట చూచి మాకే గొంతు పట్టుకొనిపోయెను.

విచారింపగా దోషము తెలిసినది. రేడియోను ఎత్తి దించు చేతి ప్రక్కన, రెండు వైపుల జిగురుగల పట్టీతో అతికించిరి. దానికి విద్యుత్తు నందించు గుండ్రని ముల్లు, ఆ దెబ్బకు గోరంత వెనుకకు జరిగినది. అంతే. ఎవ్వరు నమ్మాయిని నిందింపలేదు. కాని యెవ్వరును మాటలాడనులేదు. ఆ మౌనమే పిల్లను క్రుంగదీసినది. పనిముట్ల పెట్టె చాటున కూర్చుండి, అన్నమైనను ముట్టక, “పెద్దమ్మా, రేడియో బిగించింది నేనే. అందరి కష్టమూ నా వల్ల పోయింది. ఇక ఈ తీగల పని నాకొద్దని చెప్పేస్తాను” అన్నది.

యంత్రశాస్త్రము చెప్పి యోదార్చుటకు మాకు చేతగాదు. మాకు తెలిసినది పురాణము. దేవాసుర యుద్ధమున దశరథుని రథపు కడచీల ఊడిపోగా, కైక తన వ్రేలినే యిరుసున చీలగా నుంచి రథమును నిలిపెనని మన పెద్దలు చెప్పు కథను జ్ఞప్తి చేసితిమి. రథము పెద్దది, గుఱ్ఱములు బలిష్ఠములు, రథికుడు మహావీరుడు. అయినను చక్రము నిలుచుట వ్రేలంత చీలవలననే. చీల బిగించువారి పని చిన్నదైనచో కైకకు వరము లేల లభించును? ఇది విని పిల్ల కన్నీళ్ళలోనే నవ్వి, “అయితే నా వేలు రేడియోలో పెట్టమంటారా, పెద్దమ్మా?” అన్నది.

అంతలో ఒక వింత జరిగినది. ఇంతకుముందు తాకిన యంత్రము ఏ జట్టుదో, ఆ జట్టు అమ్మాయి యొకతె తీగలు, కత్తెర, బిగించు పట్టీలు చేతబట్టుకొని మావారి చోటికి వచ్చి, “మేము సాయము చేయవచ్చునా?” యని యడిగెను. ఎదిరివారికి సాయపడుచునే పోటీపడవలెనని వుడీ ఫ్లవర్సు ఈ పందెములకు నేర్పిన ధర్మమట. తరువాతి పందెమునకు గంటన్నర వ్యవధి యుండెను. ఆ యిద్దఱాడుపిల్లలును నేలపై చతికిలబడి, రేడియోను విప్పి తిరిగి బిగించుచుండగా, మేము ప్రక్కన కూర్చుండి ప్రశ్నలు వేయుచు నేర్చుకొన్న సంగతు లివి.

రేడియో చేయు పని

పిల్లల చేతనున్న గణనయంత్రము ఆటస్థలపు యంత్రసామగ్రికి తీగతో కలుపబడును. అచ్చటినుండి యాజ్ఞలు గాలిలో రోబోపైనున్న రేడియోకు చేరును. రేడియో వానిని మఱియొక తీగద్వారా రోబోకు మెదడువంటి ‘రోబోరియో’ అను పెట్టెకు అందించును. పందెము జరుగుచోట ప్రతి జట్టు రేడియోలోను ఆ జట్టు సంఖ్యను, ఒక రహస్యపు తాళపుమాటను నెక్కింతురు. కావున ఒకరి యాజ్ఞ మఱియొకరి యంత్రము వినదు.

ఆజ్ఞలు రాకపోయిన తోడనే రోబో తనంత తాను నిలిచిపోవును. ఇది దోషము గాదు, రక్షణకై చేసిన యేర్పాటు. మాట వినని యేబదియేడు కిలోల యంత్రము పరుగెత్తిన మనుష్యులకు ప్రమాదము గదా! మఱియొక చిక్కు గలదు. రేడియోకు విద్యుత్తు ఱెప్పపాటుకాలము తప్పినను, అది నిద్రలేచినదానివలె మొదటినుండి తన పని నారంభింపవలెను. అందులకు అర నిమిషమునకు తక్కువ పట్టదు. ఆ యేటి రెండున్నర నిమిషముల పందెమున అది యైదవ వంతు. క్షణకాలపు వదులునకు ఇంత శిక్ష!

చోటు నెన్నుకొనుట

లోహము రేడియో తరంగముల కడ్డు తగులును. ఇత్తడి బిందెలో తల దూర్చి పిలిచినచో వీథిలోనివారికి వినబడునా? అట్లే రేడియోను నలువైపుల లోహపు రేకుల నడుమ నుంచరాదు. మోటార్లకును, వానికి పోవు లావు తీగలకును ఎడముగా నుంచవలెను. అవి తిరుగునప్పుడు విద్యుత్తు రొద పుట్టును. వీలైనంత యెత్తున నుండవలెను గాని, చట్రమునకు వెలుపలికి పొడుచుకొని రారాదు. ఎదిరి యంత్రము దానిని తన్నుకొని పోవును. కదలెడి చేతులపైనను, వాని దారిలోను అసలే కూడదు. మావారు చేసిన మొదటి తప్పు ఇదియే.

రేడియోపై చిన్న దీపములు కలవు. అవి వెలుగు తీరునుబట్టి దాని స్థితి తెలియును. ఆటస్థలపు అధికారులకు ఆ దీపములు కనబడునట్లు రేడియోను అమర్చవలెనని నియమమే గలదు. కావున చీకటి మూలలో దాచరాదు. వేలు దూర్చి తీగను సరిచూచుకొనుటకైనను సందుండవలెను.

బిగింపు

జిగురు పట్టీని మాత్రమే నమ్ముకొనరాదు. అల్యూమినియము చట్రముపై చమురు, దుమ్ము ఉండును, యంత్రము వేడెక్కును, అదరును. ఒకనాటికి పట్టీ వదలును. ఆ పిల్లలు చేసిన పద్ధతి ఇది. పాలీకార్బొనేటను గట్టి పారదర్శకపు పలకను జానెడు ముక్క కోసి, దానిని చట్రమునకు నాలుగు మరలతో బిగించిరి. అదురునకు మరలు వదులు గాకుండ, లోపల నైలాను వలయముగల నట్టులను వాడిరి. పలకపై రేడియో క్రింద గట్టి కొక్కెపు పట్టీలను, స్పిరిటుతో తుడిచిన పిమ్మట అతికించిరి. దానిపైన ప్లాస్టిక్ జిప్‌టైలను రెండింటిని అడ్డముగా వేసి కట్టిరి. కొన్ని జట్లు రేడియో కొలతకు సరిపోవు తొట్టిని త్రిమితి ముద్రణయంత్రముతో చేసికొని, దానిని మరలతో బిగించుకొందురు, అదియు మేలే.

ఇచ్చట రెండు జాగ్రత్తలు. కట్టు గాలిరంధ్రములను, దీపములను మూయరాదు. పెట్టె పెంకు పగులునంతగా బిగింపరాదు. పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్లు, కదలకుండ నుండవలెను గాని నొక్కుకొనరాదు.

తీగలు

మాకు తోచినంతలో ఈ విద్యకంతకు గుండెకాయ ఇచ్చటనే యున్నది. పెట్టె ఊడుటకంటె తీగ ఊడుట యెక్కువ. రవికకు గుండీ కుట్టునప్పుడు మనమేమి చేయుదుము? దారమును కొంచెము వదులుంచి, క్రింద మెడవలె చుట్టి ముడి వేయుదుము. బిగువుగా కుట్టిన గుండీ బట్టను చింపుకొని పోవును. తీగకును అదే ధర్మము. ముల్లు దూర్చిన చోటనుండి తీగను చిన్న వంపుతో వదులుగా రానిచ్చి, రెండంగుళముల దూరమున దానిని కట్టివేయవలెను. అప్పుడు ఎవరు లాగినను లాగుడు కట్టుపై పడును గాని ముల్లుపై పడదు.

అయితే ఆ కట్టు దేనికి వేయవలెను? రేడియో కూర్చున్న పలకకే వేయవలెను. చట్రముననున్న మఱియొక కమ్మికి కట్టినచో, దెబ్బకు పలక యొకవైపునకు, కమ్మి యొకవైపునకు కదలి, కట్టే ముల్లును లాగివేయును. ఒకే పడవలో కూర్చున్నవా రొకరి నొకరు వీడిపోరు గదా! ఈ చిన్న మాట మావారికి తెలియలేదు. ఆ యెదిరిజట్టు పిల్ల చెప్పినది.

ఆమె చేసిన రెండవ మేలు మఱింత గొప్పది. గుండ్రని ముల్లును పట్టియుంచు గొళ్ళెము లేదు. రాపిడివలననే అది నిలుచును. కావున దానిని విడిచి, ఆజ్ఞలు తెచ్చు ఈథర్‌నెట్ తీగలోనే విద్యుత్తును గూడ పంపు జోడింపు తీగ నొకదానిని తమ సంచినుండి తీసి యిచ్చెను. ఆనాటి రేడియోకు ఆ పద్ధతియు నియమసమ్మతమే. ఈథర్‌నెట్ తీగ కొనకు చిన్న ప్లాస్టిక్ నాలుక యుండును. దూర్చినప్పుడు టక్కుమని పట్టుకొనును. ఆ నాలుక విఱిగిన తీగను ఎంత క్రొత్తదైనను పాఱవేయవలసినదే. గొళ్ళెము లేని తలుపును నమ్మి యెవరైన నిద్రింతురా?

ఆనాటి రేడియోకు వోల్టేజిని సరిదిద్ది యిచ్చు చిన్న పెట్టె వేఱుగా నుండెడిది. మోటార్లన్నియు నొక్కమాఱు లాగినప్పుడు బాటరీ బలము తగ్గును. అప్పుడును ఈ పెట్టె రేడియోకు 12 వోల్టులను తగ్గకుండ నిచ్చెడిది. రేడియోకు కేటాయించిన ఆ కొననుండి వేఱొక పరికరమునకు విద్యుత్తు తీసికొనరాదని నాటి నియమము. అచ్చట తీగ కొనలకు లోహపు తొడుగు వేసి నొక్కి, ఒక్కొక్కదానిని లాగి చూచి మఱి నమ్మవలెను.

పరీక్ష

అన్నము మెతుకు పట్టి చూచినట్లు పరీక్ష గూడ నుండవలెను. మొదట ప్రతి తీగను రెండు వ్రేళ్ళతో మెల్లగా లాగుట. పిమ్మట యంత్రమునకు విద్యుత్తు నిచ్చి, చట్రమును పిడికిలితో గట్టిగా తట్టుచు దీపములను చూచుట. ఒక్కమాఱు ఆఱినను దోషమున్నట్లే. తుదకు యంత్రమును నడిపించి, దిండ్లు తగులునట్లు గోడకు తాకించి చూచుట. ఈ మూడును ప్రతి పందెమునకు ముందు ఒకే మనిషి, కాగితముపై గుఱుతు పెట్టుకొని చేయవలెను. అందఱును చూతురనుకొన్న పొంగిన పాలు పొయ్యిపాలగుట మన మెఱుగనిది కాదు.

నెపమును గాలిమీద మాత్రము వేయుటయు మంచిది కాదు. 2012 లో సెయింట్ లూయీ నగరమున జరిగిన తుది పందెములలో, రోబోలు మాటిమాటికి నిలిచిపోయి గొప్ప కలవరము పుట్టెను. సంస్థవారు విచారణ జరిపి అదే సంవత్సరము నివేదికను ప్రకటించిరి. ఒక వ్యక్తి చేతిఫోనుతో బుద్ధిపూర్వకముగా అంతరాయము కలిగించినట్లు తేలినది. కాని కొన్ని యంత్రములయందు వాని సొంత లోపములును బయటపడినవి. దొంగ యుండవచ్చును, అయినను మన తలుపు గొళ్ళెము మనము ముందు చూచుకొనవలెను.

ఇక కథ ముగింతము. తరువాతి పందెమున మావారి యంత్రమునకు మొదటిదానికంటె పెద్ద దెబ్బయే తగిలినది. జనులందఱు వలయములను చూచుచుండిరి. మా పిల్ల చూపు మాత్రము పలకమీది చిన్న దీపముపైననే యుండెను. దీప మాఱలేదు. యంత్రము తుదివఱకు నడచి గొలుసును పట్టుకొని వ్రేలాడినది. వారు గెలిచిరా యని యడుగుదురు. మొత్తముమీద గెలువలేదు, తుది యాటలకు వారి నెవరు నెన్నుకొననులేదు. కాని మిగిలిన పందెములలో నొక్కదానియందైనను రేడియో మూగపోలేదు. పిల్ల తీగల పని విడువలేదు. ఆ రాత్రి మా చెల్లెలి యింట రెండుమాఱులు అడిగి పెట్టించుకొని తినినది.

2025 పందెములనుండి అమెరికాలో వీహెచ్-109 అను క్రొత్త రేడియో వచ్చినది. అది 6 గిగాహెర్ట్జు తరంగములను వాడును. యంత్రపు బరువు హద్దును 115 పౌనులకు తగ్గించిరి. పెట్టె మారినను బిగింపు ధర్మము మారలేదని పిల్ల ఫోనులో చెప్పినది. క్రొత్తగా చేరిన చిన్నవారికి ఇప్పుడామెయే నేర్పుచున్నదట. నేర్పుచు ముందుగా కైక కథను చెప్పుచున్నదట.

మేమిచ్చటికి మరలివచ్చిన పిమ్మట, మా వారు పనిచేయు పాఠశాలలో పిల్లలు చేసిన చిన్న బండి నొకదానిని చూచితిమి. దాని బ్లూటూత్ పలకను పారదర్శకపు జిగురు కాగితముతో అతికించిరి. బండి రెండడుగులు పోయి నిలిచినది. పిల్లలు చక్రములను, బాటరీని, మోటారును వరుసగా అనుమానించిరి. మేము తీగను లాగి చూడుడని చెప్పగా, అది చేతిలోనికి వచ్చినది. కుట్టుపెట్టెలోని దారముతో తీగను పలకకే కట్టి యిచ్చితిమి. బండి నడచినది. పంతులుగారి భార్యకు యంత్రవిద్య తెలియునని పిల్లలు వెఱగుపడిరి. మాకు తెలిసినది గుండీ కుట్టుటయే.

అక్కలారా! చెల్లెండ్రారా! మీ యింటి పిల్ల మరలు, తీగలు ముందు పోసికొని కూర్చున్నప్పుడు కసరకుడు. ప్రక్కన కూర్చుండి, తీగ నెచ్చట కట్టితివని యడుగుడు. రథము పరుగెత్తుచుండగా చీల ఊడినచో కైక వ్రేలు పెట్టవలసివచ్చెను. మన బిడ్డల కా యవస్థ రాకుండ, రథము కదలకముందే చీలను బిగించుట నేర్పుదము.